ఊపిరి, మొప్పలు, రక్తం: వెన్నెముక ఉన్న జంతువుల శ్వాస గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

చేప మొప్పకీ, కప్ప చర్మానికీ, పిట్ట ఊపిరితిత్తికీ పైకి పోలికే కనిపించదు. కానీ మూడింటిలోనూ ఉన్నది ఒక పల్చని తడి పొర. దానికి ఒక పక్క గాలో నీరో ఉంటుంది, రెండో పక్క రక్తం పారుతుంటుంది. ఆ పొర దాటి వాయువులు అటూ ఇటూ మారడమే వాయు మార్పిడి. ఈ విషయం మీద విద్యార్థులూ, తల్లిదండ్రులూ, మామూలు పాఠకులూ ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

అసలు ఆక్సిజన్ ఎందుకు కావాలి?

తిన్న ఆహారం నుంచి శక్తి తీయడానికి. కణంలో శక్తి తయారుచేసే భాగాలైన మైటోకాండ్రియాలో ఆహారం నుంచి విడిపడ్డ ఎలక్ట్రాన్లు ఒక అణువు నుంచి మరో అణువుకు చేతులు మారుతూ వెళ్తాయి. చివర్లో వాటిని అందుకునేది ఆక్సిజన్. అది లేకపోతే వరుస మొత్తం ఆగిపోతుంది. ఆక్సిజన్ ఉన్నప్పుడు ఒక్క గ్లూకోజ్ అణువు నుంచి దాదాపు 30 ఏటీపీ అణువులు (కణం శక్తి కోసం ఖర్చు పెట్టుకునేవి) తయారవుతాయి. లేనప్పుడు వచ్చేవి రెండే. మెదడులాంటి అవయవానికి ఆ రెండు ఏ మూలకీ చాలవు, అందుకే శ్వాస ఆగిన కొన్ని నిమిషాల్లోనే అది దెబ్బతింటుంది.

ఊపిరితిత్తులు గాలిలోంచి ఆక్సిజన్‌ను లాక్కుంటాయా?

లాక్కోవు. ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతా ప్రశ్నల్లో సగం వాటంతటవే తేలిపోతాయి.

నూరేళ్ల కిందట పెద్ద శాస్త్రవేత్తలు కూడా ఊపిరితిత్తులు లాక్కుంటాయనే అనుకున్నారు. డెన్మార్క్‌కు చెందిన క్రిస్టియన్ బోర్, గ్రంథులు రసాలు స్రవించినట్టు ఊపిరితిత్తుల పొర ఆక్సిజన్‌ను రక్తంలోకి పంపిస్తుందని నమ్మాడు. ఆయన దగ్గరే పనిచేసిన ఆగస్ట్ క్రోగ్, భార్య మరీ క్రోగ్‌తో కలిసి చిన్న గాలి బుడగతో రక్తంలోని వాయువుల పీడనం కొలిచే పరికరం తయారు చేశాడు. రక్తంలో ఆక్సిజన్ పీడనం ఊపిరితిత్తుల గాలిలో కంటే ఎప్పుడూ తక్కువగానే ఉందని 1910లో ఇద్దరూ చూపించారు. అంటే ఎవరూ తోయాల్సిన పని లేదు, ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటుకు వాయువు తనంతట తానే వెళ్తోంది. దీన్నే విసరణ అంటారు. గురువు మాటకు ఎదురు నిలిచే ఫలితాన్ని అంత ఓపికగా కొలిచి చూపించిన ఆ దంపతులంటే నాకు చాలా గౌరవం. అయినా వాదన అక్కడితో ఆగలేదు. ఎత్తైన కొండల మీదైనా ఊపిరితిత్తులు ఆక్సిజన్‌ను స్రవిస్తాయని బ్రిటన్‌లో జె. ఎస్. హాల్డేన్ పట్టుబట్టాడు. దాన్ని తేల్చడానికి జోసెఫ్ బార్‌క్రాఫ్ట్ 1920లో ఒక గాజు గదిలో ఆక్సిజన్ తగ్గించుకుంటూ ఆరు రోజులు తానే లోపల ఉన్నాడు. అప్పుడు కూడా క్రోగ్ దంపతుల మాటే నిలిచింది.

అడాల్ఫ్ ఫిక్ 1855లో రాసిన నియమం ప్రకారం విసరణ వేగం మూడింటి మీద ఆధారపడుతుంది: పొర వైశాల్యం, పొర మందం, రెండు పక్కలా పీడనాల తేడా. పొర ఎంత విశాలంగా, ఎంత పల్చగా ఉంటే అంత మంచిది. తేడా ఎంత పెద్దదైతే అంత వేగం. వెన్నెముక ఉన్న జంతువుల శ్వాస అవయవాలన్నీ ఈ మూడింటినీ సాధించడానికి దొరికిన వేర్వేరు దారులే.

వాయువులు వాటంతటవే వెళ్తే, రక్తం ఎందుకు?

దూరం వల్ల. విసరణకు పట్టే కాలం దూరంతో సమానంగా పెరగదు. దూరం పది రెట్లయితే కాలం వంద రెట్లవుతుంది. నీటిలాంటి కణజాలంలో మిల్లీమీటరులో నూరో వంతు దాటడానికి ఆక్సిజన్‌కు సెకనులో చిన్న భాగం చాలు. మిల్లీమీటరుకు నాలుగైదు నిమిషాలు, సెంటీమీటరుకు గంటలు పడతాయి. అదే ఒక మీటరు దూరమైతే ఏళ్లు పడుతుంది. అందుకే దూర ప్రయాణమంతా గుండె తోసే రక్తం చూసుకుంటుంది, మొదట్లో, చివర్లో ఉండే కొద్దిపాటి దూరం మాత్రం విసరణతో దాటుతుంది. మన శరీరంలో దాదాపు ఏ కణమూ రక్తకేశనాళికకు (అతి సన్నని రక్తనాళానికి) మిల్లీమీటరులో పదో వంతు కంటే దూరంగా ఉండదు.

నీళ్లలో కూడా ఆక్సిజన్ ఉంది కదా, మనిషికి మొప్పలుంటే సరిపోయేది కదా?

పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. లెక్క వేసి చూద్దాం.

ఒక లీటరు గాలిలో సుమారు 210 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో కరిగి ఉండేది ఆరు మిల్లీలీటర్లకు కొంచెం ఎక్కువ. నీరు వేడెక్కేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. పెద్ద మనిషికి ఏ పనీ చేయకుండా కూర్చున్నా నిమిషానికి దాదాపు 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్ కావాలి. మనకు చేపంత మంచి మొప్పలుండి, నీళ్లలోని ఆక్సిజన్‌లో 80 శాతం తీసుకోగలిగినా, నిమిషానికి సుమారు 50 లీటర్ల నీటిని మొప్పల మీదుగా పారించాలి. గట్టిగా ఈత కొడుతూ పది రెట్ల ఆక్సిజన్ వాడితే 500 లీటర్లు కావాలి. నీరు గాలి కంటే దాదాపు 800 రెట్లు సాంద్రమైనది. అంత బరువును కదిలించడానికే మళ్లీ ఆక్సిజన్ ఖర్చవుతుంది.

ఇంతకంటే పెద్ద చిక్కు వేడి. మొప్పల పొర ఆక్సిజన్‌ను ఎంత సులువుగా దాటనిస్తుందో వేడిని అంతకంటే సులువుగా దాటనిస్తుంది. గుండె తోసే రక్తమంతా చన్నీటి పక్కనుంచి పోతే మన 37 డిగ్రీలు నిలబడవు. చేపల్లో ఎక్కువ భాగం నీటి ఉష్ణోగ్రతలోనే బతకడానికి ఇదొక ముఖ్య కారణం. ట్యూనాలాంటివి కండరాలను వెచ్చగా ఉంచుకుంటాయి, కానీ అందుకు వాటికి రక్తనాళాల ప్రత్యేక అల్లిక కావాల్సి వచ్చింది.

అంత తక్కువ ఆక్సిజన్‌తో చేపలు ఎలా బతుకుతున్నాయి?

చేప నోరు తెరిచి నీరు తీసుకుంటుంది, నోరు మూసి మొప్పల మీదుగా వెనక్కి తోస్తుంది. నోరు, మొప్ప మూతలు రెండూ పంపుల్లా వంతులవారీగా పనిచేయడం వల్ల ప్రవాహం దాదాపు ఆగకుండా ఒకే దిక్కుకు సాగుతుంది. మొప్పల్లో వందలాది తంతువులు, ప్రతి తంతువు మీదా వరుసగా అతి పల్చని రేకులు ఉంటాయి. రేకులోని రక్తం నీటి ప్రవాహానికి ఎదురు దిక్కున పారుతుంది. అసలు గొప్పతనం ఇక్కడే ఉంది.

రెండూ ఒకే దిక్కున పారితే కాసేపటికి రెండు పక్కలా ఆక్సిజన్ పీడనం సమానమైపోతుంది, మార్పిడి సగంలోనే ఆగిపోతుంది. ఎదురెదురుగా పారినప్పుడు అలా జరగదు. బయటికి పోబోతున్న, ఆక్సిజన్ తగ్గిపోయిన నీరు అప్పుడే వచ్చిన ఇంకా పేద రక్తాన్ని తాకుతుంది. ఆక్సిజన్ దాదాపు నిండిన రక్తం ఇప్పుడే లోపలికి వచ్చిన తాజా నీటిని తాకుతుంది. రేకు పొడవునా ఎక్కడ చూసినా నీటి వైపే ఆక్సిజన్ కొంచెం ఎక్కువగా ఉంటుంది. అందుకే కొన్ని చేపలు నీటిలోని ఆక్సిజన్‌లో 80 శాతం దాకా తీసుకోగలవు. మనం పీల్చిన గాలిలోని ఆక్సిజన్‌లో నాలుగో వంతు మాత్రమే వాడుకుంటాం.

మరి గాలిలో ముప్పై రెట్లు ఎక్కువ ఆక్సిజన్ ఉన్నా ఒడ్డున పడ్డ చేప ఎందుకు చనిపోతుంది?

నీళ్లలో తేలుతూ విడివిడిగా ఉండే మొప్ప రేకులు గాలిలోకి రాగానే తడి జుట్టులా ఒకదానికొకటి అతుక్కుపోతాయి. వైశాల్యం ఒక్కసారిగా పడిపోతుంది. తర్వాత పొర ఆరడం మొదలవుతుంది. ఆరిన పొర గుండా వాయు మార్పిడి సరిగా జరగదు. చుట్టూ ఆక్సిజన్ ఉన్నా రక్తంలోకి వచ్చే దారి మూసుకుపోతుంది.

షార్క్ ఈదడం ఆపితే చనిపోతుందా?

అన్నీ కాదు. కొన్ని షార్కులు, ట్యూనాలు నోరు తెరిచి ముందుకు ఈదుతూనే మొప్పల మీదుగా నీరు పారిస్తాయి, వాటికి ఆగడం ప్రమాదమే. నర్స్ షార్క్ లాంటివి సముద్రం అడుగున కదలకుండా పడుకుని నోటితో నీరు పంపు చేసుకుంటాయి.

చేప నీళ్లలో మునిగి చనిపోవడం సాధ్యమా?

సాధ్యమే. ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఊపిరితిత్తి చేపలకు మొప్పలు బాగా చిన్నవి. పైకి వచ్చి గాలి మింగనివ్వకపోతే అవి నీళ్లలోనే ఊపిరాడక చనిపోతాయి. ఆఫ్రికా జాతులు చెరువు ఎండినప్పుడు బురదలో గూడు కట్టుకుని నెలల తరబడి గాలి మీదే బతుకుతాయి. ఆస్ట్రేలియా జాతి మాత్రం ప్రధానంగా మొప్పల మీదే ఆధారపడుతుంది. కొర్రమీను కూడా గాలి పీల్చే చేపే. దానికి మొప్పల పైన రక్తనాళాలు నిండిన ప్రత్యేక గది ఉంటుంది. అందుకే అది నీటి బయట తడిగా ఉంచితే చాలాసేపు బతుకుతుంది.

చేపలు నీళ్లలో తేలడానికి వాడే గాలితిత్తి నుంచి ఊపిరితిత్తులు పుట్టాయని డార్విన్ భావించాడు. ఇప్పుడు అందుబాటులో ఉన్న ఆధారాలు తిరగేసి చెబుతున్నాయి: ఊపిరితిత్తులే పాతవి, చాలా చేపల్లో అవే తర్వాత గాలితిత్తిగా మారాయి.

కప్ప చర్మంతో ఊపిరి పీలుస్తుందంటారు, నిజమేనా?

నిజమే, ఊపిరితిత్తులతో పాటు. కప్పకు మనలా పక్కటెముకలు, విభాజక పటలం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం) లేవు. గొంతు అడుగు భాగాన్ని కిందికి దించి ముక్కు రంధ్రాల ద్వారా గాలి తీసుకుని, రంధ్రాలు మూసి, గొంతు పైకెత్తి గాలిని ఊపిరితిత్తుల్లోకి తోస్తుంది. మనం గాలిని లోపలికి లాగుతాం, కప్ప మింగినట్టు నెడుతుంది. కప్ప గొంతు ఎప్పుడూ ఆడుతూ కనిపించేది ఇందుకే.

చర్మం పని వేరు. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా చర్మం గుండానే పోతుంది. చలికాలం చెరువు అడుగున నిద్రపోయే కప్పలకు ఆక్సిజన్ కూడా చర్మం ద్వారానే అందుతుంది. చల్లటి నీటిలో ఆక్సిజన్ ఎక్కువ, చల్లబడ్డ ఒంటికి అవసరం తక్కువ, కాబట్టి సరిపోతుంది. ఊపిరితిత్తులు అసలే లేని సాలమాండర్ జాతులు వందల్లో ఉన్నాయి. సముద్ర మట్టానికి దాదాపు 3,800 మీటర్ల ఎత్తున ఉన్న టిటికాకా సరస్సులో బతికే కప్పకు ఒళ్లంతా వేలాడే చర్మపు మడతలు ఉంటాయి. చూడ్డానికి వదులు బట్టలా అనిపించే ఆ చర్మమే దాని శ్వాస అవయవం, మడతలన్నీ వైశాల్యం పెంచుకోవడానికే. ఈ పనికి చర్మం తడిగా, పల్చగా ఉండాలి. దాంతో నీటిలోని విషాలు కూడా సులువుగా లోపలికి పోతాయి.

పాము అంత పెద్ద ఎరను మింగుతున్నప్పుడు ఊపిరి ఎలా ఆడుతుంది?

పాము నోట్లో వాయునాళం తెరుచుకునే రంధ్రం నోటి అడుగున ముందుకు ఉంటుంది. మింగేటప్పుడు దాన్ని పక్కకు, బయటికి చాపి గాలి తీసుకుంటుంది. ఎరను చుట్టి బిగించినప్పుడు ఒంటి ముందు భాగం కదలలేకపోతే, బోవా పాము వెనక భాగంలోని పక్కటెముకలతో ఊపిరి పీల్చుకుంటుందని 2022లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. చాలా పాములకు ఎడమ ఊపిరితిత్తి బాగా చిన్నది, లేదా ఉండదు.

తాబేలుకు పక్కటెముకలు డిప్పలో కలిసిపోయాయి కాబట్టి అది పొట్ట కండరాలతో ఊపిరితిత్తులను నొక్కి వదులుతుంది. మొసలి కాలేయాన్ని వెనక్కి లాగి ఊపిరితిత్తులకు చోటు చేస్తుంది.

పక్షుల ఊపిరితిత్తులు మన వాటికంటే మెరుగైనవా?

ఆక్సిజన్ తీసుకునే పనిలో మెరుగైనవే. మనం ఊపిరి వదిలాక కూడా లోపల సుమారు రెండున్నర లీటర్ల పాత గాలి మిగిలే ఉంటుంది. ఒక మామూలు శ్వాసలో పీల్చే 500 మిల్లీలీటర్లలో దాదాపు 150 గొట్టాల్లోనే ఉండిపోతుంది. మిగిలిన 350 ఆ పాత గాలిలో కలుస్తుంది. కాబట్టి మన రక్తాన్ని తాకేది ఎప్పుడూ కల్తీ గాలే.

పక్షిలో గాలి వచ్చిన దారిన తిరిగిపోదు. సాధారణంగా తొమ్మిది గాలి సంచులు ఉంటాయి. మొదటి పీల్పుతో తాజా గాలిలో ఎక్కువ భాగం వెనక సంచుల్లోకి వెళ్తుంది. వదిలినప్పుడు అది ఊపిరితిత్తిలోని సన్నని గొట్టాల గుండా సాగుతుంది. రెండో పీల్పుతో ముందు సంచుల్లోకి చేరుతుంది, రెండోసారి వదిలినప్పుడు బయటికి పోతుంది. ఒక గుక్క గాలి బయటపడటానికి రెండు శ్వాసలు పడుతుంది. పిట్ట పీల్చినా వదిలినా ఊపిరితిత్తిలో గాలి ఒకే దిక్కున పారుతూనే ఉంటుంది. ఊపిరితిత్తి మాత్రం పెద్దగా ఉబ్బదు, తగ్గదు. ఉబ్బాల్సిన పని సంచులది కాబట్టి పొరను మన దానికంటే పల్చగా ఉంచుకునే వీలు దొరికింది.

హిమాలయాలు దాటే బార్-హెడెడ్ బాతులు 7,000 మీటర్లకు పైన ఎగరడం పరికరాలతో నమోదైంది. 1973లో ఐవరీ కోస్ట్ మీదుగా వెళ్తున్న విమానాన్ని ఒక రూపెల్ రాబందు దాదాపు 11,300 మీటర్ల ఎత్తున ఢీకొంది. ఇంకో ఆసక్తికరమైన సంగతి: ఎలిగేటర్ ఊపిరితిత్తుల్లోనూ గాలి ఒకే దిక్కున పారుతుందని 2010లో తేలింది. అంటే ఈ పద్ధతి పక్షుల కంటే పాతది కావచ్చు.

మన ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతుంది? నెలలు నిండని పిల్లలకు ఊపిరి కష్టమెందుకు?

విభాజక పటలం కిందికి దిగి, పక్కటెముకలు పైకి లేస్తే ఛాతీ లోపల చోటు పెరిగి గాలి వస్తుంది. అది వాయునాళాలు చీలుతూ పోయిన చివర్లో కోట్ల సంఖ్యలో ఉన్న వాయుగోణులు అనే బుల్లి గాలి తిత్తులకు చేరుతుంది. ఒక్కొక్కటి మిల్లీమీటరులో ఐదో వంతు. అన్నీ పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు. గాలికీ రక్తానికీ మధ్య పొర మందం చాలాచోట్ల మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతులో) సగం. ఎర్ర రక్తకణం ఇక్కడి రక్తకేశనాళికలో ముప్పావు సెకను మాత్రమే ఉంటుంది, అందులో మూడో వంతు కాలంలోనే ఆక్సిజన్ నిండిపోతుంది.

ఇంత చిన్న తడి గోణులకు ఒక ప్రమాదం ఉంది. నీటి తలతన్యత, అంటే నీటి ఉపరితలం ముడుచుకోవాలని చూసే గుణం, వాటిని లోపలికి లాగి మూసేయాలని చూస్తుంది. దాన్ని తగ్గించేది సర్ఫాక్టెంట్ అనే కొవ్వు పదార్థం. గర్భంలో చివరి వారాల్లో గానీ అది చాలినంత తయారు కాదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఊపిరితిత్తుల్లో అది కొరవడిందని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ చూపించారు. అయినా చికిత్స వెంటనే రాలేదు. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కొడుకు పాట్రిక్ 1963 ఆగస్టులో ఐదు వారాలకు పైగా ముందే పుట్టి, ఇదే జబ్బుతో రెండు రోజులు నిండకుండానే చనిపోయాడు. 1980లో జపాన్‌కు చెందిన టెట్సురో ఫుజివారా, ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫాక్టెంట్‌ను పసిపిల్లల వాయునాళంలోకి పంపి మంచి ఫలితం సాధించాడు. ఈ రోజు ఎందరో పిల్లలు ఇంటికి వెళ్తున్నది ఆ పరిశోధన వల్లే.

మనం వదిలే గాలంతా కార్బన్ డయాక్సైడేనా?

కాదు. వదిలే గాలిలో ఇంకా 16 శాతం ఆక్సిజన్ ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్ సుమారు 4 శాతం. నోటితో నోట్లోకి ఊపిరి ఊది ప్రాణం నిలబెట్టగలిగేది ఆ 16 శాతం వల్లే.

హిమోగ్లోబిన్ లేకుండా బతకలేమా?

లీటరు రక్తంలో నేరుగా కరిగే ఆక్సిజన్ మూడు మిల్లీలీటర్లు. ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్ అనే ప్రోటీన్ ఉంటే అది దాదాపు 200 అవుతుంది. ఒక్క హిమోగ్లోబిన్ అణువు నాలుగు ఆక్సిజన్ అణువులను పట్టుకోగలదు. పట్టుకోవడం ఎంత ముఖ్యమో వదలడమూ అంతే ముఖ్యం. పనిచేస్తున్న కండరంలో కార్బన్ డయాక్సైడ్, ఆమ్లత పెరిగితే హిమోగ్లోబిన్ పట్టు సడలి ఆక్సిజన్‌ను అక్కడే వదులుతుంది. దీన్ని 1904లో కనిపెట్టింది పైన చెప్పిన క్రిస్టియన్ బోరే. స్రవించడం గురించి ఆయన ఊహ తప్పినా, ఈ పని మాత్రం నేటికీ పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు మీదే ఉంది.

హిమోగ్లోబిన్ లేని వెన్నెముక జీవులూ ఉన్నాయి. అంటార్కిటికా మంచు చేపల రక్తానికి రంగు ఉండదని 1954లో నార్వే శాస్త్రవేత్త జోహాన్ రూడ్ వివరించాడు. గడ్డకట్టేంత చల్లని నీటిలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది. పెద్ద గుండె, ఎక్కువ రక్తం, నెమ్మది జీవితం కలిసి లోటును భర్తీ చేస్తాయి.

కార్బన్ మోనాక్సైడ్ గురించి ఒక హెచ్చరిక. అది హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. వేలికి తగిలించే మామూలు ఆక్సీమీటర్ ఆ తేడా పట్టలేదు, అంకె బాగానే చూపిస్తుంది. మూసిన గదిలో బొగ్గుల కుంపటో జనరేటరో నడిచి, లోపలున్నవాళ్లకు తలనొప్పి, వికారం మొదలైతే అంకె చూసి ధైర్యపడకుండా వెంటనే బయటికి తీసుకెళ్లాలి.

సిరల్లో రక్తం నీలంగా ఉంటుందా?

ఉండదు, ముదురు ఎరుపు. చర్మం గుండా వెలుగు వెళ్లి వచ్చే తీరు వల్ల సిరలు నీలంగా కనిపిస్తాయి.

కార్బన్ డయాక్సైడ్ ఎలా బయటికి వస్తుంది?

దాదాపు 70 శాతం బైకార్బనేట్‌గా మారి ప్లాస్మాలో ప్రయాణిస్తుంది. కొంత హిమోగ్లోబిన్‌కు అతుక్కుంటుంది, కొంచెం నేరుగా కరుగుతుంది. ఎర్ర రక్తకణాల్లోని కార్బానిక్ అన్‌హైడ్రేజ్ అనే ఎంజైమ్ ఈ మార్పును వేగంగా చేయిస్తుంది, ఊపిరితిత్తుల్లో తిరగేస్తుంది.

ఊపిరి ఎక్కువసేపు ఎందుకు బిగబట్టలేం?

మనల్ని తొందరపెట్టేది ఎక్కువగా ఆక్సిజన్ లేమి కాదు, పెరుగుతున్న కార్బన్ డయాక్సైడ్. హాల్డేన్, జె. జి. ప్రీస్ట్లీ 1905లో ఇది నిరూపించారు. మెడలోని ధమనుల దగ్గర ఆక్సిజన్‌ను కనిపెట్టే కణాలూ ఉన్నాయి, కానీ అవి గట్టిగా స్పందించేది ఆక్సిజన్ బాగా పడిపోయాకే.

ఈత నేర్చుకునేవాళ్లు ఇది తప్పక తెలుసుకోవాలి. నీళ్లలోకి దూకేముందు గబగబా ఊపిరి పీల్చి వదిలితే ఆక్సిజన్ పెద్దగా పెరగదు, ఎందుకంటే రక్తం అప్పటికే 97 శాతం నిండి ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ మాత్రం తగ్గిపోతుంది. దాంతో ఊపిరి కావాలన్న హెచ్చరిక రాకముందే స్పృహ తప్పుతుంది. బాగా ఈదగలిగినవాళ్లు కూడా ఇలా మునిగిపోయారు. ఎవరూ ఈ పని చేయకూడదు.

కొండల మీద ఆయాసం ఎందుకు? అక్కడ ఆక్సిజన్ శాతం తక్కువా?

శాతం అదే 21. తగ్గేది గాలి పీడనం. ఎవరెస్ట్ శిఖరం మీద అది సముద్ర మట్టంలో ఉన్నదాంట్లో మూడో వంతే, కాబట్టి పొరకు రెండు పక్కలా ఉండే తేడా కుంచించుకుపోతుంది. అయినా 1978 మే 8న రైన్‌హోల్డ్ మెస్నర్, పీటర్ హాబెలర్ ఆక్సిజన్ సిలిండర్ లేకుండా ఆ శిఖరం ఎక్కారు.

తిమింగలాలు గంటల తరబడి ఎలా మునుగుతాయి?

ఊపిరితిత్తుల్లో గాలి దాచుకుని కాదు. అవి ఆక్సిజన్‌ను దాచుకునేది రక్తంలో, కండరాల్లో. కండరంలో ఆక్సిజన్‌ను పట్టి ఉంచే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ ఎంత ఎక్కువంటే మాంసం నల్లగా కనిపిస్తుంది. మునగగానే గుండె నెమ్మదిస్తుంది, రక్తం మెదడు లాంటి ముఖ్య అవయవాలకే ఎక్కువగా వెళ్తుంది. లోతున ఊపిరితిత్తులు నలిగి మూసుకోవడం కూడా మేలే, అధిక పీడనంలో నైట్రోజన్ రక్తంలోకి చేరకుండా ఉంటుంది. కువియర్ ముక్కు తిమింగలం ఒకసారి 222 నిమిషాలు మునిగి ఉండటం నమోదైంది.

కడుపులో బిడ్డ ఊపిరి పీలుస్తుందా?

గాలి పీల్చదు. ఊపిరితిత్తులు ద్రవంతో నిండి ఉంటాయి, ఛాతీ కదలికలు మాత్రం అప్పటికే సాధనలా జరుగుతుంటాయి. ఆక్సిజన్ మాయ ద్వారా తల్లి రక్తం నుంచి వస్తుంది. ఇద్దరి రక్తం కలవదు, మధ్యలో పొర ఉంటుంది. అక్కడ ఆక్సిజన్ పీడనం తక్కువ కాబట్టి బిడ్డ హిమోగ్లోబిన్ తల్లి దానికంటే గట్టిగా ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. పుట్టగానే ద్రవం రక్తంలోకి ఇంకిపోతుంది, మొదటి ఊపిరితో ఊపిరితిత్తుల రక్తనాళాలు తెరుచుకుంటాయి, గుండె గదుల మధ్య అప్పటిదాకా ఉన్న రంధ్రం మూసుకోవడం మొదలవుతుంది. బిడ్డ రకం హిమోగ్లోబిన్ స్థానంలో పెద్దవాళ్ల రకం రావడానికి మాత్రం ఇంకో ఆరు నెలలు పడుతుంది.